వరుసలో నిలబడ్డ అన్న

జూన్ 10
కోర్టులో ఇంటర్న్‌షిప్ మొదలైంది. మేజిస్ట్రేట్ గారి హాల్లో అటెండర్ కైలాసం పక్కన నాకో ప్లాస్టిక్ కుర్చీ. క్రిమినల్ జస్టిస్ చదువుతున్నానని రెండేళ్లుగా గొప్పలు పోతున్నాను గానీ, ముద్దాయిని దగ్గరగా చూడటం ఇవాళే.

పేరు అభిషేక్. బండి మీద పూలు డెలివరీ చేస్తాడు. గుడిమల్కాపూర్ పూల మార్కెట్ గేటు దగ్గర, తెల్లారకముందు, ఒకామె మెడలో గొలుసు లాగాడని కేసు. ఆమె పడి, తలకు దెబ్బ తగిలి చనిపోయింది. చూసింది ఆమె అత్త బుచ్చమ్మ ఒక్కతే. దొంగ ముఖానికున్న కర్చీఫ్ జారిందట. అభిషేక్ ముఖం సాక్షి కంట పడకూడదని తల చుట్టూ తువ్వాలు చుట్టి తెచ్చారు.

అతని తల్లి నాగమణమ్మ వరండాలో కూర్చుని, నా కొడుకు గసొంటోడు గాదు అని వచ్చేపోయేవాళ్లందరికీ చెబుతోంది. అందరు తల్లులూ అదే అంటారు అనుకున్నాను.

జూన్ 12
రేపు జైల్లో గుర్తింపు పరేడ్. ముద్దాయిని అలాంటి పోలికలున్న వేరేవాళ్ల మధ్య నిలబెడతారు. సాక్షి వచ్చి భుజం మీద చెయ్యి వేసి చూపించాలి. ఆ వేరేవాళ్లే డమ్మీలు. కైలాసానికి ఒకడు తక్కువ పడ్డాడు. పాతికేళ్లోడు, సన్నగ, జర గడ్డముండాలె బిడ్డా, యాడికెల్లి తేవాలె అని తల పట్టుకున్నాడు. మా అన్న ఉన్నాడుగా అన్నాను! ఎంత హుషారో నాకు.

అఫ్జల్‌గంజ్‌లో మా పూజా సామాను దుకాణం సంకేత్ అన్నే చూసుకుంటాడు. రానంటే రానన్నాడు. జైలుకు నేనెందుకు వోతనే, దిమాగ్ ఖరాబయిందా అని అరిచాడు. చెల్లె సదువుకు పనికొస్తదంటుంది, పోతే నీ సొమ్మేం పోతదిరా అని బాపు కసిరితే ఒప్పుకున్నాడు. అన్న చొక్కా కాలర్ నోట్లో పెట్టుకుని నములుతూ కూర్చున్నాడు. చిన్నప్పటి అలవాటు, భయమేస్తే అంతే. జైలు పేరు వింటేనే గింత భయమా అని నేనూ అమ్మా తెగ నవ్వాం.

జూన్ 13
బాప్‌రే! బుచ్చమ్మ మా అన్నను పట్టుకుంది!

నన్ను లోపలికి రానివ్వలేదు. కైలాసం బయటికొచ్చి కడుపు పట్టుకుని నవ్వుతూ చెప్పాడు. ఆమె అభిషేక్‌ను దాటేసి పోయిందట. మేజిస్ట్రేట్ గారు వరుస మార్పించి మళ్లీ చూడమన్నారట. మళ్లీ అన్న భుజమే. అంగి ఇడుస్తలేదు బిడ్డా, చేతి ఏళ్లు ఇడిపించేసరికి తలపాణం తోకకొచ్చింది అన్నాడు.

మా కాలేజీలో పాఠం చెప్పే అమల మేడంకు ఫోన్ చేశాను. డమ్మీని చూపిస్తే సాక్షి పొరపాటు పడినట్టే లెక్క, డమ్మీని ఎవరూ అనుమానించరు అంది. సాయంత్రం బాపు మిర్చీ బజ్జీలు తెచ్చాడు. దొంగగారూ తినండి అని అన్నను ఏడిపించాను. తినలేదు.

జూన్ 14
అన్న గడ్డం తీసేశాడు.

జూన్ 18
అన్న ఇవాళ నన్ను కూర్చోబెట్టి అడిగాడు. డమ్మీల పేర్లు రాసుకుంటారా? రాస్తారు. పోలీసులు పట్టించుకుంటారా? పట్టించుకోరు. ఆమె మళ్లీ వచ్చి వాడే అంటే? పరీక్ష రాసినంత సంబరంగా అన్నీ చెప్పాను. చెప్పాక, ఎందుకు అడుగుతున్నావు అన్నాను. ఊకెనే అన్నాడు.

అభిషేక్‌కు బెయిల్ రాలేదు. ముసలామెకు చూపు ఆనదని, ఆ పొద్దు అతని బండి గేటు దగ్గర కెమెరాలో ఉందని పోలీసులు అన్నారు. నాగమణమ్మ నా చేతులు పట్టుకుంది. మీ అన్న నిలవడ్డందుకే నాకు జర ఆశ మిగిలింది బిడ్డా, ఆయన సల్లగుండాలె అంది. చేతులు విడిపించుకుని వచ్చేశాను. భయమేసింది. ఎందుకో ఇక్కడ కూడా రాయను.

జూన్ 20
ఒక్కటే దారి తోచింది. బుచ్చమ్మ ఎప్పుడో మా దుకాణానికి వచ్చి ఉంటుంది. అక్కడ చూసిన ముఖమే మనసులో ఉండిపోయి ఉంటుంది. అలాంటి కేసులు చదివాను. ఇదీ అలాంటిదే కావాలి. దేవుడా, కావాలి.

పొద్దున్నే గుడిమల్కాపూర్ వెళ్లాను. బంతిపూల కుప్ప వెనక కూర్చుని ఉంది, పక్కన చేతికర్ర. నేనెవరో చెప్పలేదు, కోర్టులో పని నేర్చుకునే పిల్లనన్నాను. అఫ్జల్‌గంజ్‌లో మసీదు వెనక సందులో పూజా సామాను దుకాణానికి ఎప్పుడన్న పోయినవా అవ్వా అని అడిగాను. యాడికి వోత బిడ్డా, ఏండ్ల కింద కాలిరిగినకాంచి పోలీసోల్లు తీస్కపోతే తప్ప మార్కెట్ దాటలే అంది.

మరి ఎలా గుర్తుపట్టావు అన్నాను. నా కోడలు పడంగనే బండి ఆపిండు అంది. ఎనకకు మల్లి జూసిండు, అంగి కాలర్ నోట్ల వెట్టుకొని నమిలిండు, చిన్నపోరని లెక్క. జైల్ల గూడ గట్లనే నమిలిండు అంది.

లేచి నాలుగడుగులు వేశాక వెనక నుంచి పిలిచింది. ఏం దుకాణమన్నవ్ బిడ్డా, ఏ సందన్నవ్ అని.

జూన్ 21
గల్లాపెట్టె వాడి చేతిలోనే ఉంటుంది. ఏం తక్కువైంది వాడికి? అడగాలని దగ్గరికి వెళ్లి, అడగలేక వచ్చేశాను. ఏందే గట్ల జూస్తున్నవ్ అన్నాడు. నాకు జ్వరమొస్తే తల దగ్గర నుంచి లేవని అన్న. వాడి ముఖం చూస్తే అసహ్యమేస్తోంది, ఏడుపొస్తోంది. జైల్లో అభిషేక్ ఉన్నాడు.

జూన్ 22
బుచ్చమ్మ వచ్చింది. కర్ర పక్కన పెట్టి దుకాణం మెట్ల మీద కూర్చుంది. ఏమీ కొనదట.

షట్టర్ దించమన్నాడు అన్న. కాలర్ నోట్లోనే ఉంది.

నేను దించలేదు. ఆమెకు నీళ్లిచ్చి, లోపలికి రా అవ్వా అన్నాను.