ఫోన్‌లో నా నడక

మంగళవారం, జహీరాబాద్

నేను ఎలా నడుస్తానో ఈ రోజే చూశాను.

మనవరాలు శ్రావ్యకు బొమ్మల సినిమాల పిచ్చి. డిగ్రీకొచ్చినా సరే, తెర మీద పిల్లి గోడ దూకితే ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ దూకిస్తుంది. ఆ పిల్లికే విసుగొచ్చి ఉంటుంది. సొంతంగా కామిక్స్ కూడా గీస్తుంది. సాయంత్రం తను చేసిన మొదటి కదిలే బొమ్మను ఫోన్‌లో అందరికీ చూపించింది. అందులో ఉన్నది నేనే. కొంగు దోపుకుని, కళ్లద్దాలు ఎగేసి, వాకిట్లోకి నడుస్తున్నాను. ఇల్లంతా పగలబడి నవ్వింది, నేనూ నవ్వాను.

"ముక్కు మంచిగనే గీసినవ్. ఎడమ కాలు గట్ల ఈడుస్తున్నదేందే? సరిచెయ్," అన్నాను.

"తప్పు కాదు నానమ్మా. నడక గీయాలంటే మనిషిని మస్తు రోజులు చూడాలె. నువ్వు గట్లనే నడుస్తున్నవ్. మొన్నటిదాంక గిట్ల లేకుండె."

నవ్వులు ఆగిపోయాయి.

"జర నడువమ్మా," అన్నాడు మా అబ్బాయి మల్లేశం. నడిచాను. పొద్దున్నే దవాఖానకు పోదామన్నాడు.

ఇప్పుడే గుమ్మం దగ్గర చెప్పులు చూసొచ్చాను. ఎడమదాని ముందు భాగం అరిగిపోయింది, కుడిది కొత్తదానిలా ఉంది. నాసిరకం సరుకు అమ్ముతావా అని పోయిన వారమే షాపాయనను కడిగేశాను, పాపం.

నన్ను ఊరడించడానికి కాలు సరిచేస్తానంది శ్రావ్య. వద్దన్నాను. రేపు డాక్టరుకు ఆ బొమ్మనే చూపించమన్నాను. ఆయన నన్నే అడిగితే, బాగానే నడుస్తున్నానని చెప్పేస్తాను...