గింజకు ఐదు రూపాయలు

దుమ్ముగూడెం,
శనివారం మధ్యాహ్నం.

అక్కకు,

నీ చెల్లెలు రాధ దండం పెట్టి రాస్తున్నది. నువ్వు, బావగారు, మీ అత్తమ్మ అందరూ బాగున్నారని తలుస్తాను. అత్తమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? వేంసూరులో నాట్లు అయిపోయాయా? ఇక్కడ నీ మరిది ఆరోగ్యం బాగుంది. మా సింధు ఖమ్మంలో హాస్టల్లో ఉండి చక్కగా చదువుకుంటున్నది. నేనూ బాగానే ఉన్నాను. ప్రతి ఉత్తరంలోనూ ఇంతవరకు రాసి ఆపేశాను. ఈసారి మిగతాది కూడా రాస్తాను. మొత్తం చదివాకే కోప్పడు.

ముసురు పట్టి తొమ్మిది రోజులైంది. వాగు పొంగి భద్రాచలం బస్సు రెండు రోజులు రాలేదు. ఉతికిన బట్టలు ఆరడం లేదు. సంతలో బోడకాకరకాయలు దండిగా వస్తున్నాయి. మొన్న వేపుడు చేసి ఒక్కదాన్నే తిన్నాను. నీ మరిది పొద్దున పోతే, హాస్టలు పిల్లలంతా భోంచేశాకే ఇల్లు చేరతారు. వార్డెన్ పని అంతే. సంతకొచ్చే కోయ ఆడవాళ్లు నన్ను చూసి నవ్వుతారు గానీ, వాళ్లలో వాళ్లు మాట్లాడుకునే భాష నాకు రాదు. ఈ ఊరికి వచ్చిన మొదటి ఏడు, పొద్దుగూకేదాకా నా గొంతు నాకే వినపడని రోజులు చాలా ఉన్నాయి.

అలాంటి రోజుల్లోనే పక్క క్వార్టర్లో ఉండే సరళమ్మ, కాంపౌండరుగారి భార్య, పిలిచింది. "ఏంది రాధమ్మా, గోడలతోని మాట్లాడుతున్నవా? జర ఇటు రా, ఒక చెయ్యి తక్కువైంది."

నలుగురం వరండాలో చాప వేసుకుని పేక ఆడేవాళ్లం. డబ్బులు కనపడకూడదని చింతగింజలతో ఆట. గింజకు పావలా. ఒకటో తారీఖున ఎవరికెంతో తేల్చుకోవాలి. లెక్క పుస్తకం నా చేతికే ఇచ్చారు. అక్కా, నా తప్పు అక్కడే ఉంది. అణా పైసలతో సహా రాస్తున్నాను కాబట్టి అంతా నా అదుపులోనే ఉందనుకున్నాను. పావలా రూపాయి అయింది, రూపాయి ఐదయింది. పోయినదాన్ని రాబట్టాలని మళ్లీ కూర్చునేదాన్ని. చేతిలో గింజలే కదా, పోయినా నొప్పి తెలియలేదు. పద్నాలుగు నెలల్లో పోయింది పదకొండు వేల నాలుగు వందల అరవై రూపాయలు. ఉగాదికి సింధు ఫీజని నిన్ను అడిగి తెప్పించుకున్న నాలుగు వేలు అందులోనే ఉన్నాయి. ఫీజు తర్వాత నీ మరిది అప్పు చేసి కట్టారు.

ఆటలో పోయినదాన్ని ఇంటి ఖర్చుల పుస్తకంలో చింతపండు కింద రాసేదాన్ని. ఆషాఢంలో ఒకరోజు ఆయన ఆ పుస్తకం తిరగేశారు. "ఏందే ఇది? మనం పప్పుచారు తాగుతున్నమా, పప్పుచారుల ఈత కొడుతున్నమా?" అని నవ్వారు. నేను నవ్వలేకపోయాను. ఆయన నవ్వు కూడా అక్కడే ఆగింది. ఆ పూట అంతా చెప్పేశాను. ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది.

తర్వాతి వారమే ఖమ్మంలో ఒక డాక్టరు దగ్గరికి తీసుకుపోయారు. పిచ్చి డాక్టరని నేను బస్సులో ఏడ్చాను. ఆ డాక్టరు మాత్రం జ్వరం గురించి అడిగినట్టే అడిగారు. ఎప్పుడు ఆడాలనిపిస్తుంది, అప్పుడు ఇంట్లో ఎవరుంటారు అని. నా దగ్గర డబ్బు ఉండకూడదన్నారు. మనసు లాగినప్పుడల్లా ఏ టైములో లాగిందో రాసిపెట్టమన్నారు. చివరికి ఒక కాగితం ఇచ్చి, "అడిగితే మీకు కాదనకుండా పైసలిచ్చేటోళ్ల పేర్లు రాయండమ్మా. వాళ్లందరికీ మీ నోటితోనే చెప్పాలె" అన్నారు.

మొదటి పేరు నీదే రాశాను.

రెండోది కిరాణా కొట్టు ఖాజా భాయిది. నాకు చేతికి డబ్బిచ్చి, ఖాతాలో సామాను కింద రాసుకునేవాడు. ఆయనకూ నా నోటితోనే చెప్పాను. ఆయన తక్కెడ కింద పెట్టి, "అవ్ అమ్మా, మంచిగ చెప్పినవు. ఇగ సామానే ఇస్త, పైసలియ్య. అడిగినవనుకో, మా ఇంటామెను పిలుస్త, చాయ్ తాగి పో" అన్నాడు.

ఇప్పుడు ఇంటి డబ్బంతా నీ మరిది దగ్గరే. కూరలకు రోజుకు పది రూపాయలు నాకిస్తారు. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో ఆయన జీతం నా చేతికి రాకపోవడం ఇదే మొదటిసారి. తప్పదు, నేనే అడిగాను.

పదమూడు రోజులు ఆగాను. పద్నాలుగో రోజు వాన, కరెంటు లేదు. ఊరికే చూస్తానని పోయి సరళమ్మ గింజలే బదులు తీసుకుని అరవై పోగొట్టాను. మూడు వందలు. ఆ రాత్రే ఆయనకు చెప్పాను. అన్నం కంచం నా ముందుకు జరిపి, "చెప్పినవు కదా. తిను ముందు" అన్నారు. డాక్టరు ఆ మర్నాటి నుంచి మళ్లీ లెక్కపెట్టుకోమన్నారు. ఈ రోజుకు పదకొండు.

ఆట మానేశానని సరళమ్మ వాళ్లు ఇప్పుడు పలకరించడం లేదు. వాళ్లను తప్పు పట్టను. కానీ అక్కా, మధ్యాహ్నం రెండయ్యేసరికి గోడవతల నవ్వులు వినపడతాయి. ఆట మీద కంటే ఆ నవ్వుల మీదికే ప్రాణం పోతుంది. తలుపు గడియ పెట్టి గోదావరి రేవుదాకా నడిచి వస్తున్నాను. వానొస్తే అదీ లేదు.

అందుకే ఇవి అడుగుతున్నాను. అమ్మ కుట్టు మిషను నీ దగ్గర ఊరికే ఉంటే సత్తుపల్లిలో పార్సిల్ వేయించు. మధ్యాహ్నం రెండున్నరకు, వీలైన రోజున, హాస్టలు నంబరుకు ఫోను చెయ్యి. నేను అక్కడ కూర్చుని ఉంటాను. మూడు నిమిషాలు చాలు, మీ బర్రె పాల సంగతయినా చెప్పు. నీ నాలుగు వేలు నెలకు రెండు వందల చొప్పున నీ మరిదే పంపుతారు. నా చేతి మీదుగా కాదు.

ఇంకోటి. మళ్లీ నేను డబ్బు అడిగితే, సింధు పేరు చెప్పినా, దవాఖానా అన్నా, ఏడ్చినా, ఇవ్వకు. ఈ ఉత్తరం దాచిపెట్టకు. బావగారికి చదివి వినిపించు. అన్నయ్య పేరు కూడా ఆ కాగితంలో ఉంది. ఆయనకు రాయడానికి రెండుసార్లు కూర్చుని లేచాను, నా వల్ల కాలేదు. డాక్టరు నా నోటితోనే చెప్పమన్నారు గానీ, ఈ ఒక్కసారికి నువ్వు చెప్పు.

బెంగపడకు, నేను బాగానే ఉన్నాను. వేళకు తింటున్నాను. అత్తమ్మకు, బావగారికి నా నమస్కారాలు. సింధును దీవించు, నన్నూ దీవించు.

రాధకు డబ్బు ఇవ్వవద్దని మనవాళ్లందరికీ చెప్పు. రాధతో మాట్లాడవద్దని మాత్రం ఎవరికీ చెప్పకు.

నీ చెల్లెలు,
రాధ