పొడి డబ్బా పక్కన పెట్టు, భవానీ

చెల్లీ, నేను బాగానే ఉన్నాను, నువ్వెలా ఉన్నావో నిజం రాయి.

ఫోన్ చేస్తే వాదిస్తానని ఎత్తడం మానేశావు, అందుకే ఈ కార్డు. ఇంట్లో అందరూ చదువుతారంటావా, చదవనీ. రొమ్ములో గడ్డ తగిలి రెండు నెలలైనా పరీక్షకి వెళ్ళకుండా అమైనో యాసిడ్ల పొడి కలుపుకుని తాగుతున్నావట. నీ కూతురు శ్రీసత్య చెప్పి ఏడ్చింది, దాన్ని తిట్టకు. ఆ పొడి తాగితే కాన్సర్ రాదని ఎవరు తేల్చారు? పరిశోధనలు జరుగుతున్నాయి, కాదనను. ఎలుకల మీద చేసే ప్రయోగం నీ గడ్డకి వైద్యం ఎలా అవుతుంది? అందులో ఉన్నవి మనం తినే పప్పులో, గుడ్డులో, చేపలో ఉన్నవే కదా!

ఇక్కడ కంచరపాలెంలో అలాంటి పొడే అమ్ముతున్నాడు సూరన్న. స్టీల్ ప్లాంటు గేటు దగ్గర ఇరవై ఏళ్ళు నా పక్కన నిలబడి నినాదాలిచ్చినవాడు. నిన్న డబ్బా పట్టుకొస్తే వాణ్ణి గుమ్మంలోనే కడిగేశాను.

"సాల్లే బావా! అందర్నీ ఇలాగే తరిమేసినావు. నాను కాపోతే నీ తలుపు ఇంకెవులు కొడతన్నారేటి?" అని వెళ్ళిపోయాడు. నేను పోస్టాఫీసుకి వెళ్ళి ఈ కార్డు కొన్నాను.

వచ్చే సోమవారం పొద్దుటి బండికి వస్తున్నాను. ఆధార్ కార్డు, పాత రిపోర్టులు తీసి ఉంచు. పెద్దాసుపత్రికి ఇద్దరం వెళదాం. వంటింటి కప్పు కారడం ఆగిందా? బావగారు షుగర్ మాత్రలు వేసుకుంటున్నారా?

దీవెనల మీద నమ్మకం లేనివాణ్ణి. అయినా రాస్తున్నాను, నూరేళ్ళుండు తల్లీ.

అన్నయ్య గవర్రాజు