ఉప్పు తక్కువ పులిహోర

లావణ్య వాళ్ల బాపుకు,

నువ్వు పోయినంక ఇది మొదటి దసరా. బిడ్డ, అల్లుడు, కొడుకు, కోడలు అందరొచ్చిండ్రు. చెల్పూర్ల కొలువుకెల్లి నువ్వు రిటైరైనప్పటి సంది పండుగ తెల్లారి అందరం కలిసి యాడికన్న పోతుంటిమి గదా. ఈసారి నేను వద్దంటే వినలే. నిన్న కాళేశ్వరం పోయినం.

గోదావరిల తానాలు చేసి, దర్శనం చేసుకొని, ఒడ్డుకు దుప్పటి పరిచి కూసున్నం. నేను సంచిలకెల్లి డబ్బలు తీసిన. పెద్ద డబ్బల అందరి పులిహోర. చిన్న స్టీలు డబ్బల నీది, బీపీకని ఉప్పు తక్కువేసి చేసేది. పొద్దుగాల నా చేతులు అలవాటుగ రెండు తీర్ల కలిపినయి. మూత తీసినంక గాని నాకు సోయి రాలే.

అందరు ఆ డబ్బ దిక్కే చూసిండ్రు. లావణ్య మెల్లగ దాన్ని దగ్గరికి గుంజుకొని, "నాకు పెట్టే అమ్మా" అన్నది. తలా ఇంత పెట్టుకొని తిన్నరు. అల్లుడు గూడ "మంచిగున్నదత్తమ్మా" అన్నడు.

ఏం మంచిగున్నది? నువ్వుంటే అక్కడనే లొల్లి పెట్టేటోనివి. "గిది మనుషులు తినేదేనా, జర ఉప్పెయ్యవే" అని పక్కోళ్లు మర్లి చూసేటట్టు అరిచేటోనివి. నేను కసిరి కసిరి, ఆఖరికి సంచి అడుగుకెల్లి పొట్లం తీసి చిటికెడు ఉప్పేసేదాన్ని.

నిన్న ఆ పొట్లం గూడ తెచ్చిన. ఒక్కలన్న అడుగుతరేమోనని చూసిన. ఎవ్వలడగలే. ఇంటికొచ్చినంక, దారం విప్పకుండనే పొట్లాన్ని ఉప్పు డబ్బల పెట్టిన.