బేని దగ్గర మళ్లిన బండి

బాబుపేట్, చంద్రపూర్
11 ఫిబ్రవరి 2015, బుధవారం

చిరంజీవి తమ్ముడు భీమన్నకు,

అక్క రుక్కమ్మ దీవెనలు. మహాకాళమ్మ చల్లని చూపుతో ఇక్కడ నేను, మీ బావ బాగానే ఉన్నం. అక్కడ మంచిర్యాలలో నువ్వు, మరదలు, పిల్లలు బాగుండాలని పొద్దున దీపం పెట్టేటప్పుడు మొక్కుకున్న. కోపం ఉన్నా మొక్కు మానలేదు. మర్యాదలు ఇంతటితో అయిపోయినయి. ఇగ చదువు.

ఫోన్ చేయకుండా ఉత్తరం ఎందుకు అనుకుంటవేమో. ఫోన్ల నా గొంతు లేవదు. నువ్వు అక్కా అనంగనే తిన్నవా అని అడుగుత, అడగాల్సింది మింగుత. ఇంకోటి, నేను సిర్పూర్ల అమ్మమ్మ ఇంట్ల ఉండి తెలుగు చదువుకున్న, నువ్వు మన ఊరు విరూర్ల మరాఠీ బడికి పోయినవు. తెలుగు కూడబలుక్కుని చదువుతవు. అందుకే కావాలని తెలుగుల రాస్తున్న. ఒక్కొక్క మాట దగ్గర ఆగి చదువు.

మొన్న ఫోన్ చేసి, హోలీ అయినంక సీతారాం సేఠ్ కారుల భూటాన్ పోతున్నం, ఆ కొండల మీద పెద్ద మందిరం ఉన్నదంట, నీకేం తేవాలె అక్కా అని అడిగినవు. నేను పలకలేదు. సిగ్నల్ పోయిందనుకొని పెట్టేసినవు. సిగ్నల్ మంచిగనే ఉండె.

నాకు అంతా తెలిసింది తమ్మీ. మాఘ పున్నమికి సత్యనారాయణ వ్రతం చేసుకున్నం. ప్రసాదానికి మా గల్లీల ఉండే మెకానిక్ కనకరాజు వచ్చిండు. నువ్వు సేఠ్ తోటి నేపాల్ పోయినప్పుడు మీ కారు వెనక బొలెరోల పానలు, జాకీలు వేసుకొని వచ్చింది ఆయనే గద. ఆయనను తిట్టకు. నాకు తెల్వదని ఆయనకు తెల్వదు. వదినా, మీ తమ్ముని తమాషా చూడుండ్రి అని ఫోన్ల వీడియో పెట్టిండు. స్టీరింగ్ ముందట నువ్వు. వెనక మంచుకొండ. ఒక్కొక్క మలుపు కోసుకుంట పండ్లన్నీ కనపడేటట్టు నవ్వుతున్నవు. ఇది ముక్తినాథ్ గుడి నుంచి దిగేటప్పుడా అని అడిగిన. ముక్తినాథ్ ఎక్కడిది వదినా, కొండ కింద బేని ఊరి కాడినుంచే మళ్లినం గద అన్నడు. నా చేతిల ప్రసాదం గిన్నె ఉండె. కింద పెట్టి కూసున్న.

సేఠ్ పసుపు కారు నాకు తెల్వనిది కాదు. నేలకు ఆనుకొని ఉంటది, దాని పొట్ట కింద పిల్లి దూరదు. మా గల్లీ స్పీడ్‌బ్రేకర్ దాటించడానికే కనకరాజు కింద చెక్కలు వేయాల్సి వచ్చింది. అటువంటి దాంతోటి హిమాలయాలు ఎక్కుతమంటే నేను నవ్విన. నువ్వు నవ్వలేదు. అది మొదలు పెడితే పులి గుర్రుమన్నట్టు ఉంటదని, తొక్కితే వీపు సీటుకు అతుక్కుంటదని చిన్నపిల్లగాని లెక్క చెప్పినవు. సేఠ్ బొగ్గు టిప్పర్ నడిపి నడుం ఇరగ్గొట్టుకున్నోనికి ఆ మాత్రం సంబరం ఉంటదిలే అనుకున్న. పోవద్దనలేదు. ఒక్కటే అడిగిన. రాగి చెంబు కడిగి, పసుపు గుడ్డల కట్టి నీ చేతికిచ్చి, ముక్తినాథ్ ధారల కింద నింపుకొని రా, అమ్మ మళ్లా మంచం పట్టకముందే తేవాలె అన్న. నువ్వు చెంబు కండ్లకద్దుకున్నవు.

బేని దాటితే రోడ్డు లేదు, రాళ్లే ఉన్నయంట. సేఠ్ కారు పోదు. అది నీ తప్పు కాదు. కానీ అక్కడ జీపులు ఉన్నయి. సేఠ్ హోటల్ల పండుకుంటడు, మనం జీపుల పోయి దర్శనం చేసుకొని వద్దం అని కనకరాజు నిన్ను అడిగిండంట. నువ్వేమన్నవో కూడా చెప్పిండు. రేపు పొద్దున పోఖరా దాంక స్టీరింగ్ నాకిస్తనన్నడు సేఠ్, నేను పైకి పోతే మనసు మార్చుకుంటడు, గుడి ఎక్కడికి పోతది, కారు మళ్లా దొరుకుతదా అన్నవంట.

గుడి ఎక్కడికీ పోలేదు. అమ్మ పోయింది.

అమ్మకు బాగలేదని నువ్వే ఫోన్ చేసినవు గద అక్కా, అందుకే మళ్లిన అని చెప్పకు. నేను ఫోన్ చేసేసరికే మీరు పోఖరాల ఉన్నరు. నీళ్లు దొరికినయా అంటే దొరికినయి అక్కా, బయలుదేరుతున్న అన్నవు. పోనీ, బేనిల గండకి నది కాళ్ల ముందటనే పారుతుండె. పైన ముక్తినాథ్ దిక్కు నుంచి దిగి వచ్చేది ఆ నదే. అండ్ల ముంచుకొచ్చినా నేను సర్దుకుందును. నీకు చెంబు తిరిగి వచ్చేటప్పుడు గోరఖ్‌పూర్‌ల యాదికొచ్చింది. పెట్రోలు బంకు నల్లా కింద పట్టినవు. గుడ్డ కట్టేటప్పుడు చెంబును కనకరాజు పట్టుకున్నడంట. ఏదో తాగడానికి అనుకున్నడంట పాపం.

మూడు నెలల సంది ఆ చెంబును దేవుని గూట్ల పెట్టి పూలు పెడుతున్న. హారతి ఇస్తున్న. పెట్రోలు బంకు నీళ్లకు.

నేను అరిచేదాన్ని కాదని నీకు తెలుసు. ఈ వారం గిన్నెలు తోముకుంట తోముకుంట ఆగిపోతున్న. మీ బావ ఏమైందని అడుగుతున్నడు. ఆయనకు ఇంకా చెప్పలేదు. చెప్తే బస్సెక్కి నీ దగ్గరికి వస్తడు, ఆయన నా లెక్క మెల్లగ మాట్లాడడు.

అమ్మ పోయిన పదోనాడు అందరి ముందర ఏమన్నవో యాదికున్నదా? మా అమ్మ అదృష్టవంతురాలు, ముక్తినాథ్ తీర్థం గొంతుల పడ్డంకనే పానం పోయింది అన్నవు. ఏడ్చుకుంట అన్నవు. నేను తల వంచుకున్న. చుట్టాలంతా వరుస కట్టి ఆ నీళ్లు నెత్తిన చల్లుకున్నరు. కోఠారి నుంచి వచ్చిన మల్లమ్మ పెద్దమ్మ చిన్న సీసాల పోసుకొని పోయింది. పెద్దనాయినకు పక్షవాతం గద, రోజు ఒక చుక్క నాలుక మీద వేస్తున్నది. చెయ్యి కదులుతున్నదని సంబరపడుకుంట డాక్టర్ రాసిన గోళీలు బంద్ చేసింది. కనకరాజు చెప్పిన మర్నాడే నేను కోఠారి పోయిన. దేవుడు గోళీలు మానమనలేదు పెద్దమ్మా అని దగ్గర కూసొని వేయించి వచ్చిన. ఆ సీసా సంగతి మాత్రం చెప్పలేదు. అది నా నోటితోటి చెప్పేది కాదు. ఏ నోరు అబద్ధమాడిందో ఆ నోరే పోయి చెప్పాలె.

పోయిన జూన్‌ల కొత్త రాష్ట్రం కాంగనే సేఠ్ ఆఫీసు మంచిర్యాలకు మార్చిండు, నువ్వు వెంట పోయినవు. మా తెలంగాణ మాకొచ్చింది అక్కా, మీరే మహారాష్ట్రల ఉండిపోయిండ్రు అని ఎక్కిరించినవు. విరూరును మహారాష్ట్రల కలిపిన ముచ్చట తీస్తే నాయిన ఏమనేటోడు? మనం అరుగు మీదనే కూసున్నం, హద్దే మన మీదికెల్లి దాటిపోయింది అనేటోడు. రాష్ట్రం మారితే బండి నంబరు మారుతది భీమన్నా. ఇచ్చిన మాట మారొద్దు.

సేఠ్‌కు ఫ్లెక్సీ కట్టిండ్రు, హిమాలయాలు జయించిన వీరుడని. మూలకు నీ ఫొటో కూడా వేసిండ్రు. పెట్రోలు బంకు నల్లా ఫొటో ఎవ్వరూ వేయలేదు.

పోలేకపోయిన అక్కా అంటే నేను ఏమంటుంటి? చెంబు పక్కకు పెట్టి అన్నం పెడుతుంటి. నువ్వు కారు నడిపినందుకు కాదు నా కోపం. అమ్మ చివరి గడియల నోట్ల పోయమని అబద్ధం నింపి తెచ్చి, నా చేతుల పెట్టి పోయినందుకు.

భూటాన్ పో, ఆకాశానికి పో. ముందుగాల కోఠారి పోయి మల్లమ్మ పెద్దమ్మ ముందర నిలబడి నిజం చెప్పు. ఆ సీసా వాపస్ తీసుకో. ఆమె తిడితే తిట్లు తిను, కొడితే వీపు చూపెట్టు. ఆ పని చేయకుండా ఆ పసుపు కారు ఎక్కితే, మళ్ల ఫోన్ చేసి నన్ను అక్కా అని పిలవకు.

మరదలికి, పిల్లలకు దీవెనలు. వాళ్లకు ఈ ఉత్తరం చూపెట్టకు. పిల్లల ముందర నువ్వు చిన్నగ కావడం నాకిష్టం లేదు.

ఇట్లు
నీ మంచి కోరే అక్క
రుక్కమ్మ

తా.క. ఒక మాట రాయొద్దనుకున్న. రాయకుంటే నేనూ నీ లెక్కనే అయిత.

అమ్మ ఆ నీళ్లు తాగలేదు.

నేపాల్ నుంచి తిరిగొచ్చిన రోజు దీపాల యాళ్లకు చెంబు నా చేతికిచ్చి, అమ్మ పక్కన కొంచెంసేపు కూసొని, నువ్వు సేఠ్ సన్మానానికి పోయినవు. నేను తులసాకు వేసి చెంచా నోటి దగ్గర పెట్టిన. అమ్మ పెదవులు బిగబట్టింది. ముక్తినాథ్ నీళ్లే అమ్మా అన్న. వానికే తాపు బిడ్డా, వాని నోరు ఎట్ల ఎండుకపోయిందో చూసినవా అన్నది. ఆగి, సీతారాం బండి వాని చేతికిచ్చిండా అని అడిగింది. అంత ఖరీదు బండి వీనికెందుకిస్తడమ్మా అన్న. ఇచ్చిండు, నా పక్కన కూసున్నంతసేపు వాని చేతులు బండి తిప్పినట్టు తిరుగుతనే ఉన్నయి అన్నది. అని నవ్వింది. మంచం పట్టినంక అదే మొదలు నవ్వడం. ఆ తర్వాత మన కుండల నీళ్లు అడిగి తాగింది. తెల్లారేసరికి లేదు.

తీర్థం తాగలేదని తెలిస్తే నువ్వు కుమిలిపోతవని పదోనాడు ఊకున్న. జరం తోటి ఏదో మాట్లాడిందనుకున్న. ఇప్పుడు అర్థమవుతున్నది, అమ్మ నిన్ను చూడంగనే అంతా తెలుసుకున్నది.

అమ్మ నవ్వి పోయింది. నాకైతే ఇంకా నవ్వు రాలేదు. నువ్వు కోఠారి పోయి వచ్చినంక చూద్దం.