నలభై ఏడో నంబరు కొక్కెం

ఇంగ్లీషుపాలెం, బందరు
12 జూన్ 2003

విజయవాడలో మూతపడిన కంపెనీల ఆస్తులు చూసే ఆఫీసరు గారికి,

సీమోను నమస్కారాలతో రాసుకునేది. దేవుని దయవల్ల ఇక్కడ నా మోకాళ్లు తప్ప అన్నీ క్షేమం.

నేను దివిదీపం లాంతర్ల కంపెనీలో ముప్పై ఒక్క ఏళ్లు గాజు చిమ్నీలు బిగించాను. రోజూ పొద్దున గేటు దగ్గరి కిటికీలోంచి టైమ్ కీపర్ వెంకట్రామయ్య గారు మా నంబరు వేసిన ఇత్తడి బిళ్ళ ఇచ్చేవారు. సాయంత్రం తిరిగిచ్చేస్తే బోర్డు మీద ఆ నంబరు కొక్కేనికి తగిలించేవారు. కొక్కెం ఖాళీగా ఉందంటే మనిషి లోపల ఉన్నట్టు.

1992లో కంపెనీ మూసేసిన రోజు ఆ కిటికీ తెరుచుకోలేదు. నా నలభై ఏడో నంబరు బిళ్ళ నా జేబులోనే ఇంటికొచ్చేసింది. ఆ లెక్కన నేను పదకొండేళ్లుగా డ్యూటీ దిగలేదు. షెడ్లు కూల్చేస్తారని విన్నాను. ఈలోగా తమరు ఒక్క పావుగంట ఆ కిటికీ తెరిపిస్తే, బిళ్ళ ఒప్పజెప్పి దిగిపోతాను. ఇంకేమీ అడగను.

ఇట్లు, తమ విధేయుడు,
ఎం. సీమోను, నం. 47

తా.క.: ఇంట్లో ఏ పని చెప్పినా "డ్యూటీలో ఉన్నానే" అంటున్నాను. ఈ అర్జీని మా ఆవిడ ఎస్తేరు కూడా గట్టిగా బలపరుస్తోంది.

*

విజయవాడ
30 జూన్ 2003

శ్రీ ఎం. సీమోను గారికి,

మీ అర్జీ పరిశీలించడమైనది. మూతపడిన కంపెనీ ఆవరణలో మీరు పదకొండు సంవత్సరాలుగా ఉంటున్నట్లు దానివల్ల తెలియవచ్చినది. గేటుకు వేసిన సీలు చెక్కుచెదరకుండా ఉండగా మీరు రాకపోకలు ఎలా సాగిస్తున్నదీ తెలియరాలేదు. షెడ్లు కూల్చే ముందు "లోపల ఎవరూ లేరు" అని ఈ కార్యాలయం ధ్రువీకరించవలసి ఉన్నది. కావున ఈ నోటీసు అందిన పదిహేను రోజుల్లో ఖాళీ చేయవలెను.

ఇట్లు,
ఝాన్సీలక్ష్మి, సూపరింటెండెంట్

తా.క.: మీతోపాటు లోపల ఇంకా ఎంతమంది ఉన్నదీ, వంట ఎక్కడ చేసుకుంటున్నదీ తెలుపవలెను.

*

బందరు
6 జూలై 2003

అమ్మా ఝాన్సీలక్ష్మి గారూ, సీమోను నమస్కారాలు.

మీ నోటీసు పట్టుకుని కానిస్టేబుల్ గారు మా ఇంటికే వచ్చారు. నేను అరుగు మీద పేపరు చదువుకుంటున్నాను.

"కంపెనీ లోపల ఉన్న సీమోనువి నువ్వేనా?" అన్నారు.

"నేనేనండి" అన్నాను.

"అయితే బయటికి రా."

"బయటే ఉన్నాను గదండీ."

ఆయన నోటీసు వైపొకసారి, నావైపొకసారి చూసి, మంచినీళ్లు తాగి వెళ్లిపోయారు.

నేను లోపల ఉన్నది బోర్డు లెక్క ప్రకారం అమ్మా. ఆ బోర్డుని తేలిగ్గా తీసెయ్యకండి. ఒక సాయంత్రం అవనిగడ్డ పోతయ్య బిళ్ళ రాలేదు. "కొక్కెం ఖాళీగా ఉంటే నేను గేటుకి తాళం వెయ్యను" అని వెంకట్రామయ్య గారు మొండికేశారు. ఆయన కదలకపోతే మేమూ కదల్లేదు. అందరం లాంతర్లు పట్టుకుని వెతికాం. లాంతర్లకి మాకేం తక్కువ! ఉప్పెన వచ్చిన ఏడాది దివిసీమకి పంపడానికి పదిరోజులు ఇళ్లకెళ్లకుండా చేశాం. అప్పుడు కూడా రోజూ సాయంత్రం ఆయన బోర్డు చూసుకుని, పేరుపేరునా పిలిచి, "అన్నం తిన్నావా?" అని అడిగేవారు.

మూసేసిన రోజు ఆయన కిటికీ వేసేసుకుని లోపల కూర్చుని ఏడ్చారు. ఎవరి బిళ్ళా తీసుకోలేదు. మీరు ఎంతమంది అని అడిగారు గాబట్టి చెప్తున్నాను, ఆ లెక్కన లోపల మొత్తం రెండొందల పన్నెండు మందిమి ఉన్నాం.

ఇట్లు,
సీమోను

తా.క.: చిమ్నీల సూరయ్య పోయి నాలుగేళ్లయింది. బోర్డు ప్రకారం ఆయన కూడా లోపలే ఉన్నాడని చెబితే వాళ్లావిడ అచ్చమ్మ, "అయితే సాయంత్రానికి వస్తాడేమో అన్నయ్యా" అని నవ్వింది. చాలా రోజులకి నవ్వింది.

*

విజయవాడ
20 జూలై 2003

సీమోను గారూ, నమస్కారం.

నేను సెలవులో ఉండగా మీ ఉత్తరం వచ్చి, తిన్నగా మా పై అధికారి బల్ల మీదికి వెళ్లింది. ఆయన చివరి వాక్యం మాత్రమే చదివారు. తాళం వేసిన షెడ్లలో రెండు వందల పన్నెండు మంది నిరాహారదీక్ష చేస్తున్నారనుకుని, ఒక డాక్టరునీ, మంచినీళ్ల ట్యాంకరునీ, నాలుగు వందల పులిహోర పొట్లాలనీ పంపించారు. లోపల పిల్లులు తప్ప ఎవరూ కనబడలేదని రిపోర్టు వచ్చింది. "దీక్ష విరమించినట్లున్నారు" అని ఆయన ఫైలు మీద రాశారు.

తప్పు మొదలైంది నా దగ్గరే. పదిహేడేళ్లుగా అర్జీలు చదువుతున్నాను. ఎదుటి మనిషి ఏం అడుగుతున్నాడో చూసేలోపే, ఏం కాజేయబోతున్నాడో అని చూడటం అలవాటైపోయింది. ఎప్పటినుంచి ఇలా అయ్యానో ఆలోచిస్తే తేలలేదు. ఇప్పుడు చేయబోతున్నది నిబంధనలకు సరిపోతుందో లేదో, అది కూడా తేలలేదు. అయినా ఆగస్టు 10, ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఆ కిటికీలో నేను కూర్చుంటాను. అందరికీ కబురు చేయండి. బిళ్ళలన్నీ వస్తే మనశ్శాంతిగా సంతకం పెడతాను.

ఇట్లు,
ఝాన్సీలక్ష్మి

తా.క.: పోతయ్య గారు చివరికి ఎక్కడ దొరికారో మీరు రాయలేదు. ఫైలుకు అక్కర్లేదు. నాకు కావాలి.

*

బందరు
12 ఆగస్టు 2003

అమ్మా,

మొన్న క్యూ వీధి చివరిదాకా వెళ్లింది, చూశారుగా! గుడివాడ నుంచి వచ్చిన సుబ్బాయమ్మ గారు తన బిళ్ళని తాళాల గుత్తిలోంచి ఊడదీసి ఇచ్చారు. పోయినవాళ్లవి ఇంట్లోవాళ్లు తెచ్చారు. పోతయ్య తనదాన్ని ఇన్నాళ్లూ గేదె మెడలో కట్టి ఉంచాడు. విప్పినప్పటినుంచి గేదె పాలివ్వడం లేదని నిన్న ఫోను చేశాడు. మీరు ఒక్కో నంబరూ చదివి "దిగారు" అంటుంటే ముసలాళ్లం అందరం బళ్లో పిల్లల్లా నిలబడ్డాం.

మీ దగ్గర ఒక తప్పు ఒప్పుకోవాలి. అందరికంటే ఆఖర్న వచ్చి నేను మీ చేతిలో పెట్టింది నాది కాదు. అది నూట పన్నెండు, సూరయ్యది. అచ్చమ్మ నడవలేక నాకిచ్చి పంపింది. మీరు కళ్లజోడు తుడుచుకుంటూ నంబరు చూడకుండానే "దిగారు" అన్నారు. నాదీ ఇద్దామనే జేబులో చెయ్యి పెట్టాను. పక్కనున్నవాళ్లు సూరయ్యది దాని కొక్కేనికి తగిలించాక తలెత్తి చూస్తే, బోర్డు మీద ఒకే ఒక్క కొక్కెం ఖాళీ, నాది. అదీ నిండితే ఇంక గేటుకి తాళమేగా! పదకొండేళ్లు దిగాలి దిగాలి అని పోరినవాణ్ణి, తీరా అక్కడికొచ్చాక చెయ్యి బయటికి రాలేదమ్మా. ఆ కిటికీలో వెంకట్రామయ్య గారే ఉంటే ఇంకా నన్ను వెతుకుతూ ఉండేవారు.

నావల్ల మీ సంతకం ఆగిపోతే చెప్పండి. మొదటి బస్సుకే తెచ్చిచ్చేస్తాను.

ఇట్లు,
సీమోను

తా.క.: పోతయ్య చిమ్నీలు ప్యాక్ చేసే వరిగడ్డిలో నిద్రపోతూ దొరికాడు. అంతకు మూడు రోజుల ముందే కవలలు పుట్టారు, ఇంట్లో కంటిమీద కునుకు లేదు. వెంకట్రామయ్య గారు మమ్మల్ని లేపనివ్వలేదు. "దొరికాడుగా, చాలు" అని ఇంకో అరగంట పక్కనే కూర్చున్నారు.

*

విజయవాడ
25 ఆగస్టు 2003

సీమోను గారూ,

బిళ్ళ తేవద్దు. షెడ్లలో ప్రతి గదీ నేనే తిరిగి చూసి, లోపల ఎవరూ లేరని సంతకం పెట్టాను. అబద్ధం రాశానేమో అన్న అనుమానం మాత్రం ఇంకా పోలేదు.

వచ్చే నెల కూల్చేస్తారు. అది ఆపడం నా చేతిలో లేదు. పాత సామాన్ల జాబితాలో "చెక్క బోర్డు, ఒకటి" అని ఉంటే అడిగి తెచ్చుకున్నాను. ఆఫీసులో నా కుర్చీ వెనక గోడకి పెట్టించాను. మొన్న వానలో తడిసొచ్చిన మా అటెండరు రాజ్ కుమార్, ఖాళీగా ఉంది కదా అని నలభై ఏడో కొక్కేనికి గొడుగు తగిలించబోయాడు.

"అక్కడొద్దు, మనిషి లోపలున్నాడు" అన్నాను.

ఆఫీసంతా నావైపు చూసింది. నేను ఫైల్లో తల దూర్చేశాను.

సాయంత్రం ఇంటికి బయల్దేరేముందు ఆ కొక్కెం వైపు ఒకసారి చూడటం అలవాటవుతోంది. ఇవాళ చూస్తే అడగాలనిపించింది. అన్నం తిన్నారా?

ఇట్లు,
ఝాన్సీలక్ష్మి

తా.క.: మీరు డ్యూటీ దిగుతారని ఆశపెట్టి మోసం చేశామని ఎస్తేరు గారి నుంచి విడిగా ఫిర్యాదు అందినది. పరిశీలించి ఉత్తర్వులు ఇవ్వడమైనది: ఇవాల్టి నుంచి మీకు నైట్ షిఫ్టు. పగలంతా ఇంటి దగ్గరే ఉండి ఆవిడ చెప్పిన పని చేయవలెను.