ఒక్కరే విప్పుకోగలిగేది

బెడోక్,
సెప్టెంబర్ 14

నాగరత్నం వదినగారికి,

నమస్కారాలు. ఒకే ఊళ్లో ఉంటూ ఈ ఉత్తరం ఏమిటని మీరనుకుంటారు. బెడోక్ నుంచి చోవా చూ కాంగ్‌కి ఉత్తరం వేసేవాణ్ణి బహుశా నేనొక్కడినే అయ్యుంటాను. ఫోన్ చేస్తే మీరు ఏడుస్తారు. మీరు ఏడిస్తే నేను అడగాల్సింది అడగలేను. అందుకని రాస్తున్నాను.

మీ చెల్లెలు పోయి ఇవాళ్టికి ముప్పై ఏడు రోజులు. మొన్న మంగళవారం రాఫెల్స్ ప్లేస్‌లో ఆఫీసు మీటింగులో ఉండగా మలేషియా నంబరు నుంచి ఫోన్ వచ్చింది. బయటికి వచ్చి తీశాను.

"ప్రసన్నలక్ష్మమ్మగారున్నారా అండి? ఆరి బండి వచ్చీసినాది" అన్నాడు ఒక పెద్దమనిషి.

లేరన్నాను.

"ఎప్పుడొస్తారు?"

చెప్పాను. "అయ్యో, కసియాన్" అన్నాడాయన. మలయ్‌లో పాపం అనడం.

ఆయన పేరు యర్రయ్య. ముత్తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి రబ్బరు తోటలకి వచ్చినవాళ్లు. జొహోర్ బారు శివార్లలో క్యాంపింగ్ ట్రైలర్లు తెప్పించి అమ్ముతాడు, అద్దెకిస్తాడు. ప్రసన్న జనవరిలో అతని దగ్గర ఒక చిన్న మడత ట్రైలర్ ఆర్డరు పెట్టిందట. విదేశం నుంచి ఓడలో రావడానికి ఇన్ని నెలలు పట్టింది. నాకు ఆమె ఒక్క మాట చెప్పలేదు. జబ్బు సంగతి ఏప్రిల్‌లో బయటపడింది. ఆ తర్వాత ఆసుపత్రిలో గడిపిన నెలల్లోనూ చెప్పలేదు.

ధనశ్రీకి చెబితే, "నాన్నా, జస్ట్ కాన్సల్ లా. వేర్ టు పుట్? మన కార్‌పార్క్‌లో పెడితే నెక్స్ట్ డే సమన్స్ వస్తుంది" అంది. నా కూతురు చెప్పింది నిజమే. అయితే బండిని సింగపూర్ తేవాల్సిన పని లేదు. యర్రయ్య యార్డులోనే ఉంచవచ్చు. ట్రైలర్ లాగడానికి కొక్కెం బిగించిన పాత కారు కూడా అతనే అద్దెకిస్తాడు. ప్రసన్న అన్నీ కనుక్కుని పెట్టుకుంది.

శనివారాలు ఆమె పిల్లలకి తెలుగు చెప్పేది కదా. ఆ హాజరు పుస్తకం వెనక పేజీల్లో ట్రైలర్ల పట్టిక దొరికింది. మొత్తం మూడు. మొదటిది ఆరువందల కిలోలు, గట్టి కప్పు. రెండోది మడవదు, దాన్ని కొట్టేసింది. మూడోది రెండువందల ఎనభై. మడిస్తే నడుమెత్తు. పిడి తిప్పితే కప్పు లేస్తుంది, గుడ్డగోడలు దానితోపాటే పైకొస్తాయి. బరువు, ఎత్తు, విప్పడానికి నిమిషాలు. చివరి గడికి "చేతులు" అని పేరు పెట్టింది. మొదటిదానికి నాలుగు. మూడోదానికి రెండు. ఆ రెండు చుట్టూ సున్నా చుట్టింది. నేను ఇరవై ఆరేళ్లుగా బ్యాంకులో ఇలాంటి పట్టికలు చేస్తున్నాను. అంత పనికొచ్చే గడి ఒక్కటీ పెట్టలేదు.

పట్టిక కింద ఇంకో మాట ఉంది. "రెండో మంచం వద్దు. ఆ చోట వంటపెట్టె." ఇలాంటి ట్రైలర్లకి రెండు పక్కలా రెండు మంచాలు బయటికి జరుగుతాయి. ఒకటి తీసేయించింది.

బండి తీసుకుంటానో లేదో నెలాఖరులోగా చెప్పమన్నాడు యర్రయ్య. అంతకుముందు నాకు ఒకటి తెలియాలి. జనవరిలో ఆమె ఈ బండిని ఎవరి కోసం ఎంచుకుంది? మీతో తప్పకుండా అనుంటుంది. ఏమంది? ఆమె అన్న మాట అన్నట్టుగా రాయండి.

మీ మరిది,
విశ్వనాథం

*

బెడోక్,
సెప్టెంబర్ 28

వదినగారికి,

మీ జవాబు గురువారం అందింది. నాలుగు వాక్యాలే రాశారు. వాటిలో ఒకటి ఈ మూడు రోజుల్లో ఎన్నిసార్లు చదివానో చెప్పలేను. "అక్కా, ఒక్కరే విప్పుకోగలిగేది దొరికింది, సాయానికి ఎవరూ లేకపోయినా ఇబ్బంది ఉండదు అంది ప్రసన్న" అని రాశారు.

ఒక్కరే. నేను మొదట ఆ మాట దగ్గరే ఆగిపోయాను. మీ చెల్లెలు మాట తప్పుగా వాడదు. క్లాసులో ఏ పిల్లాడైనా "మా అమ్మ ఒక్కడే వచ్చింది" అంటే అక్కడే ఆపి, ఒక్కడు, ఒక్కతి, ఒక్కరు అని మూడూ చెప్పించేది. తన గురించైతే "ఒక్కదాన్నే" అనేది. ఒక్కరే అన్నదంటే అది నా గురించి. పెళ్లయిన నాటి నుంచీ నన్ను మీరు అనే పిలిచింది. క్లాసు పిల్లలు వెళ్లాక కూడా ఆమె మాటలో వ్యాకరణం అలాగే ఉండేది.

అంటే ఆమెకి జనవరిలోనే తెలుసు. డిసెంబరులో అన్నం తగ్గించింది. నేను అడగలేదు. నేనొక్కణ్ణే మిగులుతానని, నాకు ఏదీ విప్పడం మడవడం రాదని తెలిసి, రెండు చేతులతో అయ్యేది వెతికింది. రెండో మంచం తీసేయించింది, ఖాళీ మంచం చూడలేనని. ఇలా అర్థం చేసుకున్నాక నాకు రెండు రాత్రులు నిద్ర పట్టింది. ఆగస్టు తర్వాత ఇదే మొదలు.

ఇన్నాళ్లూ మీకు చెప్పనిది ఒకటి చెప్పాలి. తొమ్మిదేళ్లుగా ఆమె క్యాంపింగ్ అంటూనే ఉంది. మెర్సింగ్ సముద్రం, కామెరాన్ కొండలు. నేను వచ్చే ఏడు అనేవాణ్ణి. ఒకసారి "ఇంట్లో మంచి మంచం పెట్టుకుని అడవిలో దోమలకి పడుకోవడం దేనికి" అన్నాను. నాలుగేళ్ల కింద బలవంతాన ఈస్ట్ కోస్ట్ పార్కుకి పర్మిట్ తీసుకుని ఒక గుడారం వేశాం. ఇంటికి పదిహేను నిమిషాల దూరం. చీకటి పడకముందే ఆఫీసు నుంచి కాల్ వచ్చింది. ల్యాప్‌టాప్ ఇంట్లో ఉంది. "నువ్వు పద, ఇంకోసారి వద్దాం" అన్నాను. "మీరు వెళ్లండి. నేను ఉంటాను" అంది. వెళ్లాను. పని పదింటికే అయిపోయింది. నేను తిరిగి వెళ్లలేదు. ఏసీ వేసుకుని పడుకున్నాను.

పొద్దున వెళితే గుడారం మడిచి, ఫ్లాస్కులో టీ పోసుకుని బెంచీ మీద కూర్చుని ఉంది. ఎలా ఉన్నావన్నాను. "బాగా నిద్రపట్టింది" అంది. ఆ మాట నాలుగేళ్లుగా నన్ను గుచ్చుతోంది. నన్ను దెప్పడానికే అలా అందనుకున్నాను. మేం దాని గురించి మళ్లీ మాట్లాడుకోలేదు.

మీ ఉత్తరం వచ్చాక అది కొంచెం తగ్గింది. కింద హాకర్ సెంటర్‌లో తిండి కొట్ల దగ్గర రద్దీగా ఉంటే ఆమె ముందే వెళ్లి, నేను వచ్చేవరకు పక్క కుర్చీ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి చోటు చోప్ చేసేది. చైనా ముసలమ్మలు వచ్చి అడిగినా "హస్బెండ్ కమింగ్" అని పంపేసేది. నేను నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చినా ఆ కుర్చీ ఉండేది. ఈ బండి కూడా ఆమె నా కోసం అట్టే పెట్టిన కుర్చీ అనుకుంటున్నాను.

యర్రయ్యకి ఫోన్ చేసి తీసుకుంటానని చెప్పాను. ప్రసన్నకి డ్రైవింగ్ రాదు కాబట్టి లాగే పని ఎలాగూ నాదే. వీలైన శనివారం వెళ్లి విప్పడం నేర్చుకుంటాను.

మీకు నేను ఎప్పుడూ థ్యాంక్స్ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

మీ మరిది,
విశ్వనాథం

*

బెడోక్,
అక్టోబర్ 12

వదినగారికి,

నిన్న జొహోర్ వెళ్లివచ్చాను.

యార్డులో రేకుల షెడ్డు కింద పెట్టాడు. బూడిద రంగు. ఫోటోలో కన్నా చిన్నది. యర్రయ్యకి డెబ్బై ఏళ్లుంటాయి. నన్ను కూర్చోబెట్టి కోపీ ఇప్పించి, "కానీండి, మీరే ఇప్పండి. నేను సెయ్యెయ్యను. అమ్మగారికీ ఎయ్యనేదు" అన్నాడు.

నాలుగు మూలల కాళ్లు దించాలి. నేను మూడు దించి పిడి తిప్పాను. కప్పు ఒక పక్కకి ఒరిగింది.

"అయ్యయ్యో. కాళ్లు ముందు దించాల గదా. అమ్మగారు ఇలాటి తప్పు సెయ్యనేదు. షోరూంలో నమూనా బండి ఉండీది. ఒక్కలే వచ్చినారు, ఒక్కలే ఇప్పినారు, మడిసినారు. తొమ్మిది నిమసాలు. నేను గడియారం సూసినాను."

ఒక్కలే అంటే ఒక్కరే. వాళ్ల వైపు మాట. ఆయన ప్రసన్న గురించి మర్యాదగా అంటున్నాడు. ఎదుటివాళ్ల గురించి చెప్పేటప్పుడు ఎవరైనా అలాగే అంటారు. మీ ఉత్తరంలో ఆ మాట ఎవరు ఎవరి గురించి అన్నారన్నది నేను చూడలేదని అక్కడ, పిడి పట్టుకుని ఉండగా తోచింది.

నేను అడిగాను. "బండి ఎవరికని చెప్పింది?"

"ఎవరికేటి, ఆరికే. నా పాత కారు యార్డులో రెండు సుట్లు తోల్నారు కూడా. రివర్సు కొంచెం బెదురు. నేర్సుకుంటానన్నారు."

ఆమెకి డ్రైవింగ్ రాదన్నాను. ఆయన నా వైపు చూసి, చెప్పకూడనిది చెప్పానేమో అన్నట్టు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. కాసేపటికి ఆయనే ఫోన్ తీశాడు. "ఆరి గొంతుందండి దీన్లో. ఆర్డరుకి ముందు పంపినారు. ఇంటారా?"

విన్నాను. జనవరి ఆరో తారీకు. జబ్బు లేని గొంతు. వెనకాల మా బ్లాకు కింద పిల్లలు ఆడుకుంటున్న చప్పుడు.

"యర్రయ్యగారూ, మూడోదే ఖాయం చేయండి. నేను ఒక్కదాన్నే విప్పుకోవాలి, ఒక్కదాన్నే మడుచుకోవాలి. రెండో మంచం తీసేయండి, ఊరికే బరువు. ఆయన రారు. మా అక్కతో కూడా ఇదే అన్నాను, ఒక్కదానివే ఏం చేస్తావే అని నవ్వింది. హాయిగా పడుకుంటానన్నాను."

అంతే. ముప్పై సెకన్లు కూడా లేదు.

"ఆయన రారు" అన్నప్పుడు ఆమె గొంతులో ఏమైనా ఉందా అని మళ్లీ పెట్టమన్నాను. ఏమీ లేదు. వానొస్తుంది గొడుగు తీసుకోండి అన్నట్టే ఉంది.

ఇంటికి వచ్చి ధనశ్రీని అడిగాను. "యా, అమ్మ పాస్ అయింది కదా. థర్డ్ అటెంప్ట్. డోంట్ టెల్ అనలేదు నాన్నా. నువ్వెప్పుడూ అడగలేదు, అంతే" అంది. లైసెన్సు ఆమె హ్యాండ్‌బ్యాగులోనే ఉంది. రెండు నెలలుగా ఆ బ్యాగు నా అల్మరాలోనే ఉంది.

వదినా, మీరు ఒక్క మాట మార్చారు. ఒక్కదాన్నే అన్నదాన్ని ఒక్కరే అని రాశారు. రెండక్షరాలు తీసి ఒకటి పెట్టారు. నేను ఏ మాట పట్టుకుని వేలాడతానో మీకు తెలుసు. దయతోనే చేశారు. నాకు రెండు వారాలు నిద్ర దొరికింది. దానికి నాకు కోపం లేదు. కానీ అన్న మాట అన్నట్టుగా రాయమని అడిగాను. మీ చెల్లెలు నా గురించి అన్నది నాకే అందనివ్వకపోతే ఇక నాకు చేరేది ఏముంది? ఇంకోసారి ఇలా చేయకండి.

ఆమెకి ఏమీ ముందుగా తెలియదు. అన్నం తగ్గించింది కూడా ఈ ప్రయాణానికేనేమో. నా మీద కోపంతో కూడా వెళ్లాలనుకోలేదు. కోపం ఉంటే నాకు చెప్పేది. ఎదురుచూడటం మానేసింది. నా కుర్చీ మీది టిష్యూ ప్యాకెట్ ఎప్పుడు తీసుకుపోయిందో నేను చూసుకోలేదు. ఈస్ట్ కోస్ట్ బెంచీ దగ్గరే అయి ఉంటుంది. "బాగా నిద్రపట్టింది" అన్నది దెప్పడం కాదు. ఎలా ఉన్నావంటే చెప్పింది. నిజంగానే బాగా నిద్రపట్టింది. అది విని నేను నాలుగేళ్లు నొచ్చుకున్నాను. ఆమె బండి కొనుక్కుంది.

జబ్బు తెలిశాక కూడా చెప్పలేదని మొదటి ఉత్తరంలో రాశాను. ఎందుకని ఇప్పుడు అడగడం లేదు. చెప్పుంటే నేను ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని "నువ్వు లేచాక ఇద్దరం వెళ్దాం" అనేవాణ్ణి. అది వినడం ఇష్టం లేకపోయి ఉంటుంది.

యర్రయ్య మంచివాడు. నన్ను గేటు దాకా సాగనంపి, "రెండో మంచం నా కాడే ఉందండి. బిగించీడం బోలే, అయిపోద్ది, అరగంట పని. మీకూ మీ అమ్మాయికీ సరిపోద్ది" అన్నాడు.

వద్దన్నాను. అది ఆమె కొనుక్కున్న బండి. ఆమె తీసేయించిన మంచం నేను వేయించలేను.

తిప్పి పంపడం లేదు. వచ్చే శనివారం దాన్ని మెర్సింగ్ తీసుకెళ్తున్నాను. "వానలు మొదలైపోతాయి, మార్చిలో ఎల్లండి" అన్నాడాయన. తొమ్మిదేళ్లు ఇలాగే అన్నానని చెప్పలేదు. శనివారమే అన్నాను. నాలుగు కాళ్లూ ముందు దించుతాను. ఆమె మంచం బయటికి జరిపి, ఇంట్లో ఉన్న ఆమె నీలం దుప్పటి పరుస్తాను. నేను దాని మీద పడుకోను. కారులో సీటు వెనక్కి వాలుతుంది, అది చాలు. పిలవని చోటికి వెళ్తున్నాను కాబట్టి బయటే ఉండడం మర్యాద.

పొద్దున ఎలా ఉందో మీకు రాస్తాను. నిద్ర పట్టకపోతే పట్టలేదనే రాస్తాను.

మీరు తోడు వస్తారని తెలుసు. రావద్దు. ఒక్కడినే వెళ్తాను.

విశ్వనాథం